తిరగని డిస్కు

పొద్దున పది దాటింది. సన్నగా వాన. గుంటూరులో మొహియుద్దీన్ మాస్టారి కంప్యూటర్ రిపేరు కొట్లో సుభాషిణి ఏడు పాత హార్డ్‌డిస్కులు బల్ల మీద పేర్చింది.

"అన్నీ ఫార్మాట్ కొట్టేశాను మాస్టారూ. ఒక్క ఫైలు లేదు." ఆర్నెల్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. గొంతులో కాస్త గర్వం.

అవి మొగుళ్ల దెబ్బలు పడలేక వచ్చేసిన ఆడవాళ్లు తలదాచుకునే ఇంటివి. ఎవరిప్పుడెక్కడ ఉంటున్నారో, పిల్లలు ఏ బడిలో ఉన్నారో అన్నీ వాటిలోనే. కూతురు నీరజతో సుభాషిణి కూడా రెండేళ్లు అక్కడే ఉంది. ఆమె మొగుడు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

మాస్టారు ఒక డిస్కు తగిలించి, పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రామ్ నడిపారు. టీ తాగారు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి తెరను ఆమె వైపు తిప్పారు.

ఫోటోలో ఆరేళ్ల నీరజ. ఒక జడ ఊడిపోయి, తల్లి కొంగు పట్టుకుని, ఆ ఇంటి గేటు దగ్గర. పక్కనే, ఇప్పుడు చదివే బడి పేరు.

"గుమ్మం మీది పేరుపలక పీకావు తల్లీ," అన్నారు మాస్టారు. "మనుషులు లోపలే ఉన్నారు."

సుభాషిణికి ఎనిమిదో డిస్కు గుర్తొచ్చింది! తిరగడం లేదని, పాడైందని, ఇందాకే పాతసామాన్ల సాంబయ్యకు ఇచ్చేసింది.

వానలోనే పరుగెత్తింది. సందు చివర చూరు కింద బండి ఆగి ఉంది.

"ఏందక్కో, గంట కాలా ఇచ్చి! సచ్చిన సరుకన్నావుగా?"

"చావలేదు సాంబయ్యా. ఇటియ్యి."

మాస్టారు దాని మూత విప్పారు. లోపల, ఫైళ్లుండే పళ్లెం అద్దంలా మెరిసింది. డ్రిల్లు ఆమె చేతికిచ్చారు. తన ముఖం కనబడ్డచోటే మూడు బెజ్జాలు పెట్టింది.

మిగతావాటి మీద, పాత ఫైళ్లు మళ్లీ దొరక్కుండా, మొదట్నుంచి చివరిదాకా సున్నాలు రాయాలి. ఫోటో ఉన్న డిస్కు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పారిపోయొచ్చాక తల్లీకూతుళ్లు ఫోటోలు దిగడమే మానేశారు.

"ఇదొక్కటీ ఉంచుకోనా మాస్టారూ?"

"ఎక్కడ?" అన్నారాయన, మెల్లగా.

ఆమె తెర మీది ఊడిన జడను వేలితో ఒకసారి తాకింది. మీట నొక్కింది.

ఏడూ అయ్యేసరికి మర్నాడు సాయంత్రమైంది. మాస్టారు ఒక్కోటీ వెతికి చూసి, ఏమీ దొరకలేదని పక్కన పెడుతుంటే, సుభాషిణి పైకే లెక్కపెట్టింది. ఏడు. బెజ్జాలు పడ్డది ఎనిమిది.

బడి సంచీ నెత్తిన పెట్టుకుని, తడుస్తూ నీరజ మెట్టెక్కింది.

"తొమ్మిది," అంది సుభాషిణి, కూతుర్ని లోపలికి లాక్కుని.