పూరిపాక మీద రాజుగారి అసూయ

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ఒక పూరిపాక మీద అసూయ పుట్టింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆ రాజు పేరు రణధీర భూపాలుడు. పాలరాతి స్తంభాలతో ఒక పాఠశాల కట్టించి, ఆస్థాన పండితుడు యజ్ఞేశ్వరావధానుల్ని దానికి పెద్దను చేశాడు. సంతలో జనం మాత్రం ఆ స్తంభాల ఊసే ఎత్తేవారు కాదు. "చదువంటే అచ్చాయమ్మ బడిదే" అనేవారు. అచ్చాయమ్మ కుమ్మరివీధిలో పాక వేసుకుని పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ.

ఈ మాట చెవిన పడ్డప్పటి నుంచి రాజుగారికి అన్నం సయించలేదు. "నా మేడకు లేని పేరు ఆ పాకకా?" అని కుతకుతలాడిపోయాడు. అవధానుల కడుపుమంట అంతకు రెండింతలు. "పోటీ పెట్టండి ప్రభూ! ముప్పై నీతిపద్యాలు, పది రోజుల గడువు. ఓడినవాళ్ళు బడి మూసుకోవాలి" అన్నాడు.

ఇంకేముంది! రాజపాఠశాల పిల్లలు పది రోజులూ గొంతులు బొంగురుపోయేలా వల్లించారు. పదకొండోనాడు సభలో ఒక్క తప్పు లేకుండా గడగడా అప్పజెప్పారు. అచ్చాయమ్మ పిల్లలు నాలుగైదు చోట్ల తడబడ్డారు. అవధానుల ముఖం చూడాలి అప్పుడు, చాటంత అయింది.

"రేపే విజయోత్సవం! రేపే ఆ పాక పీకేయండి!" అన్నాడు రాజు.

అచ్చాయమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని పిల్లల్ని దగ్గరకు తీసుకుంది. ఆమెకు ఆ పాక తప్ప మరో లోకం లేదు.

ఆస్థానంలో పేరిభొట్లు అనే చమత్కారి ఉన్నాడు. తమలపాకులు కొనడానికి రోజూ కుమ్మరివీధి మీదుగానే వెళ్ళేవాడు కాబట్టి, అచ్చాయమ్మ పాఠం చెప్పే తీరు అతనికి బాగా తెలుసు. లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఏలికా, ఇంతటి విజయాన్ని మూఢంలో జరుపుకుంటారా? శుభకార్యాలు చేయకూడని రోజులు కదా! కావాలంటే అవధానులుగారినే అడగండి."

అవధానులు నీళ్ళు నమిలాడు. పంచాంగం రాసిందే ఆయన, కాదంటే ఎలా? "నిజమే ప్రభూ, మూఢం పోవాలంటే నలభై రోజులు ఆగాలి" అన్నాడు.

ఉత్సవంతో పాటు పాక పీకడమూ ఆగింది. నలభై రోజులూ గడిచాయి. ఊరంతా కోట ముందు చేరింది. అవధానులకు కప్పడానికి రాజు శాలువా చేతిలోకి తీసుకున్నాడో లేదో, పేరిభొట్లు అందుకున్నాడు.

"ప్రభూ, ఆనాడు సభలోకి రాలేకపోయిన జనం ఎందరో ఉన్నారు. ఆ పద్యాలు మరొక్కసారి వినిపిస్తే, తమ పాఠశాల గొప్పతనం అందరికీ తెలుస్తుంది."

పొగిడితే రాజు పొంగకుండా ఉంటాడా! "వినిపించండి!" అన్నాడు మీసం దువ్వుతూ.

మొదటి పిల్లవాడు మూడు పద్యాలు చెప్పి ఆగిపోయాడు. రెండోవాడు నోరు తెరిచాడు, మాట రాలేదు. మూడోవాడు అవధానుల వైపు చూస్తూ ఏడుపు లంకించుకున్నాడు. అచ్చాయమ్మ పిల్లలు వరసగా లేచి ముప్పై పద్యాలూ చెప్పి, అర్థం కూడా చెప్పారు.

"అదెలాగమ్మా?" అన్నాడు పేరిభొట్లు, తెలియనట్టు.

"ఏం లేదు బాబూ. చెప్పిందాన్ని నాలుగు రోజులు వదిలేసి మళ్ళీ అడుగుతాను. మరిచిపోతారు, తడుముకుంటారు. తడుముకుని తెచ్చుకున్నదే నిలుస్తుంది."

అవధానులు ఎగిరిపడ్డాడు. "అన్యాయం ప్రభూ! అయిపోయిన పరీక్షలోవి ఇంకా అడగడమేమిటి?"

"అవును, ఆ రోజు గెలుపు గెలుపే!" అన్నాడు రాజు కోపంగా.

"చిత్తం" అన్నాడు పేరిభొట్లు. "అంటే పట్టాభిషేకం నాడు ఏలినవారు చేసిన ప్రమాణం కూడా ఆ రోజుతోనే సరి అన్నమాట."

"ఎవడన్నాడు ఆ మాట? అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు!" రాజు లేచి నిలబడ్డాడు. "ప్రజల్ని కన్నబిడ్డల్లా చూస్తాను. బీదవాడి గడప మీద దౌర్జన్యం చేయను. తర్వాత... ఆ, తర్వాత..."

ఆగిపోయాడు. అవధానుల వైపు చూశాడు. ఆనాడు ఆ ప్రమాణం వల్లె వేయించింది ఆయనే. పాపం, ఆయనకూ గుర్తులేదు.

అచ్చాయమ్మ చేతులు జోడించి మెల్లగా అంది: "'ఒకరి మంచి చూసి ఓర్వలేక ఏ తీర్పూ చెప్పను' అని, ప్రభూ. ఆ రోజు జనంలో నిలబడి విన్నాను. మా పిల్లలకూ అది పాఠమే."

రాజు ముఖం ఎర్రబడింది. పేరిభొట్లు అంతటివాడు కూడా తల పోతుందేమోనని మెడ తడుముకున్నాడు. రాజు అది చూశాడు. చూసి, కిరీటం జారిపోయేలా పకపకా నవ్వాడు.

"ఒప్పుకుంటున్నానమ్మా! నీ పాకను చూసి నేను ఓర్వలేకపోయాను" అంటూ శాలువా ఆమెకు కప్పాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరిభొట్లుకు వేశాడు. పాకకు కొత్త తాటాకులు కప్పించమని భటులకు చెప్పాడు.

"మరి నాకు ఆ ప్రమాణం మళ్ళీ నేర్పుతావా తల్లీ?"

రాజైతేనేం, అచ్చాయమ్మ పంతులమ్మే కదా! ఊరందరి ముందూ చేతులు కట్టించి మూడుసార్లు చెప్పించింది. మూడోసారి రాజు 'ఓర్వలేక' అన్న మాట దగ్గర ఆగలేదు.