మోకు మీద బరువు

ఓదెలు సారును ఏ మాటకు అర్థం అడిగినా ముందు చెప్పులు వేసుకునేవారు. నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, ఇంట్లో నిఘంటువులకు కొదవ లేదు. అయినా అర్థాలు బయటే దొరుకుతాయని ఆయన పట్టుదల.

ఆయన దగ్గరే చదువుకుని ఇంగ్లీషు టీచరైన స్వరూప ఒకనాటి పొద్దున చిన్నబోయిన ముఖంతో వచ్చింది.

"సార్, ఆధారపడుడుకు 'రిలై' అంటే చాలదా, ఎనుక ఆ 'ఆన్' ఎందుకని నిన్న క్లాసులో ఒక పిల్ల అడిగింది. అది రూలని గద్దించి కూసోబెట్టిన. నిజానికి నాకే తెల్వదు. ఇయ్యాల మళ్లా ఆ పిల్ల మొఖం ఎట్ల చూడాలె?"

సారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ వెళ్లేసరికి ఊరి చివర తాటిచెట్ల దగ్గర కల్లు గీసే మొగిలి చెట్టెక్కుతున్నాడు. రెండేళ్ల కిందట పడి కాలు విరగ్గొట్టుకున్నాక ఎక్కడం ఇదే మొదలు. ఇప్పుడూ ఎక్కకపోతే ఆ చెట్లు ఇంకొకరి పాలవుతాయి. నడుమును, చెట్టును కలిపి చుట్టిన మోకు కొత్తది, భార్య కనకవ్వ పేనింది. సగం దాకా బాగానే వెళ్లాడు. అక్కడ ఒక్కసారి కిందికి చూశాడు. అంతే, రెండు చేతులా చెట్టును కరుచుకుపోయాడు. మోకు వదులై నడుము మీంచి జారసాగింది. స్వరూప గుండె ఝల్లుమంది.

చెట్టు కింద నిలబడ్డ కనకవ్వ ఏడవలేదు, జనాన్ని కేకేయలేదు. తలెత్తి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే అంది.

"పేనింది నేనే గదా. చెట్టును ఇడువు. ఎనుకకు ఒరుగు. మోకును నమ్ముకో."

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మొగిలి ఒక చేయి తీశాడు. రెండోదీ తీశాడు. వెనక్కి ఒరిగి ఒంటి బరువంతా మోకు మీదే వేశాడు. మోకు బిగిసి చెట్టును పట్టుకుంది. ఖాళీ అయిన చేతులతో ముఖం తుడుచుకుని మళ్లీ పైకి కదిలాడు. ఆ ఆలుమగలిద్దరికీ చేతులెత్తి మొక్కాలనిపించింది స్వరూపకు. కళ్లు నిండాయి.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. బడి గంట వినపడ్డాకే ఆమెకు పిల్ల సంగతి గుర్తొచ్చింది.

"సార్, మరి నా 'ఆన్'?"

"మోకును నమ్ము అనలేదమ్మా ఆమె," అన్నారు సారు. "నమ్ముకో అన్నది. మొగిలి బరువంతా ఆ 'కో' మీదనే ఉన్నది."