సగం పేజీ చదివిన నక్క

వాగొడ్డున మొక్కజొన్న చేను, చేను పక్కన మోటారు గది, దాని పక్కన పశువుల పాక, పాక వెనక కోళ్ళ గూడు. మన కథకు కావలసిన దేశమంతా ఇంతే. ఆసామి కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతదాన్ని మోటారు గదిలో పడేశాడు. అద్దాలు పగిలిన ఫోన్లు నాలుగు కూడా దానితో పాటే పడేశాడు. పారేసినవాటి వంక మనుషులు మళ్ళీ చూడరు. అందుకే ఆ దొడ్డిలో ఒక వెబ్ పేజీ నడుస్తోందని ఇప్పటికీ ఆసామికి తెలియదు.

ఆ పేజీని నడిపేవాడు సింగన్న అనే ఎద్దు. కుడికొమ్ము కొసతో మీటలు నొక్కుతాడు. అక్షరానికి ఒక నిమిషం పడుతుంది. ఇంత కష్టపడి నొక్కేటప్పుడు తప్పు పడితే మళ్ళీ మొదటికి రావాలి కాబట్టి, ఏ మాటనైనా నాలుగుసార్లు నెమరేసి గానీ నొక్కడు.

ఫోన్లలో ఒకటి కోళ్ళ గూటి గుంజకు వేలాడుతుంది. ఒకటి పాకలో కర్రోడు అనే కుక్క దగ్గర, ఒకటి చేని గట్టు మీద తీతువు పిట్ట దగ్గర ఉంటాయి. నాలుగోదాన్ని గుంటయ్య అనే నక్క ఎత్తుకుపోయాడు. ఫోను దొంగసొత్తే అయినా పేజీ అందరికీ అందేదే కదా, వాడూ రోజూ పొద్దున్నే చూస్తాడు.

పేజీ చెప్పే సంగతి ఒక్కటే. వాగు దారి ఇవాళ ఖాళీయా, కాదా. ఆ దారిలో ఒక చెదల పుట్ట ఉంది. చుక్కమ్మ అనే పెట్టకు అప్పుడే తొమ్మిది పిల్లలు లేచాయి. చెదలు దొరికితేనే ఆ పిల్లలకు ఒంట్లో బలం, లేకపోతే నూకలు ఏరుకుంటూ అలాగే ముడుచుకుపోతాయి. ఆ దారిలోనే గుంటయ్య కాపు కాస్తుంటాడు. అందుకే చుక్కమ్మ పేజీ చూడనిదే గూడు దాటదు.

సింగన్న ప్రోగ్రాం రాసిన పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పేజీలోని మాటలు తయారైనవి తయారైనట్టు ఫోన్లకు పోవు. ముందు కంప్యూటర్ లోపల ఒక తొట్టి లాంటి చోట పడతాయి. దాన్ని బఫర్ అంటారు. పదింట తొమ్మిది రోజులు దారి ఖాళీగానే ఉంటుంది కాబట్టి, మొదటి లైనుగా 'వాగు దారి ఖాళీ, వెళ్ళొచ్చు' అని పడుతుంది. దాని కింద పుంజుగారి సందేశం. ఈలోగా తీతువు దారంతా ఒక చుట్టు తిరిగొచ్చి తన ఫోనులో కబురు నొక్కుతుంది. ఖాళీ అని కబురొస్తే తొట్టిలో ఉన్నది ఉన్నట్టు అందరికీ కుమ్మరించడమే. నక్క అని వస్తే మాత్రం తొట్టిని పారబోసి, 'గూడు దాటొద్దు' అనే రెండో పేజీకి అందరినీ మళ్ళించాలి. బయటికి పోని మాట కాబట్టి పారబోసినా ఎవరికీ తెలియదు. ఈ ఏర్పాటు మూడు నెలలు సాఫీగా నడిచింది.

పుంజుగారన్నాను కదా, ఆయన పేరు డేగరాజు. దొడ్డికి పెద్ద. రోజూ గూటి ఫోనుకు నోటితోనే నలభై లైన్ల సందేశం చెబుతాడు, ఫోనే దాన్ని అక్షరాల్లోకి దించుకుంటుంది. అందులో ముప్పై తొమ్మిది ఆయన గురించే ఉంటాయి.

ఒకనాడు ఆయన కంచె మీద రెక్కలు సవరించుకుంటుంటే అవతల నుంచి గుంటయ్య వినయంగా దగ్గాడు.

"దూరంగా నిలబడే మాట్లాడతాను లెండి, పుంజుగారూ. మీ మేలు కోరి వచ్చాను."

"నీ మేలు నాకెందుకురా? పో."

"పోతాను. కానీ మీ పేరుకు జరుగుతున్న అన్యాయం చూడలేకపోతున్నాను. పొద్దున్నే ఫోను తెరిస్తే ఏముంటుంది? తెల్లటి తెర. ఆ తీతువు ఎప్పుడు తిరిగొస్తుందా అని అందరూ నోళ్ళు తెరుచుకు చూస్తుంటారు. మీ సందేశం వచ్చేసరికి సగం కోళ్ళు కునుకు తీస్తున్నాయి."

డేగరాజు తురాయి కొంచెం వాలింది. "కునుకు తీస్తున్నాయా?"

"నా కళ్ళతో చూశాను. నేను పట్నంలో కంప్యూటర్ కాలేజీ వెనక తూములో రెండేళ్ళు కాపురం ఉన్నవాణ్ణి, ఈ పని నాకు తెలుసు. దీనికంతటికీ ఆ బఫరే కారణం. అది తీసేస్తే ఏ లైను తయారైతే ఆ లైను అప్పుడే వెళ్ళిపోతుంది. మీరు కూయడం, అక్కడ మీ పేరు కనబడటం ఒక్కసారే జరుగుతాయి."

"మరి సింగన్న ఎందుకు తీయలేదు?"

"ఎద్దు కదండీ. నెమరేసుకుంటూ ఉంటాడు."

డేగరాజు తిన్నగా మోటారు గదికి వెళ్ళాడు. సింగన్న అంతా విని తోకతో ఈగను తోలుకున్నాడు.

"పుంజుగారూ, పాలు పితికేటప్పుడు ధార ధారకీ ఒక గ్లాసు పట్టి ఇంటింటికీ పంపిస్తామా? చెంబు నిండాక చూస్తాం, ఈగ పడలేదంటేనే పంపిస్తాం. పేజీ కూడా అంతేనండి. బఫర్ తీసేస్తే దారి ఖాళీ అన్న మాట ముందే వెళ్ళిపోద్ది. తర్వాత తీతువు వచ్చి నక్క ఉందంటే ఆ మాటను ఎలా వెనక్కి తెస్తాం?"

"తీతువు కబురు ముందు కనుక్కుని, ఆ తర్వాతే రాయి."

"అలా మార్చొచ్చు. మొత్తం తిరగరాయాలి. ఈ కొమ్ముతో నాలుగు రోజులు పడుతుంది."

"బఫర్ తీసేయడానికో?"

"అది ఒక్క మాట."

"అయితే అదే చెయ్. ఇంకో సంగతి, నా సందేశంలో లైనుకీ లైనుకీ మధ్య కాస్త ఆగాలి. చదివేవాళ్ళు రుచి చూడాలి కదా."

సింగన్న ఇంకోసారి చెప్పి చూశాడు. పెద్దాయన మెడ ఈకలు లేచాయి. ఇక్కడ సింగన్నను నేను వెనకేసుకురాను. తప్పని తెలిసీ తలూపాడు. ఓర్పు మంచిదే కానీ, కాదనాల్సిన చోట ఊరుకుంటే దాన్ని ఓర్పు అనకూడదు.

మర్నాడు సూర్యుడు చేని మీదికి రాగానే గూటిలో ఫోను వెలిగింది. వాగు దారి ఖాళీ, వెళ్ళొచ్చు. ఎదురుచూపు లేదు, తెల్లతెర లేదు. కోళ్ళన్నీ మెచ్చుకున్నాయి. చుక్కమ్మ పిల్లలను పిలుచుకుని బయలుదేరింది. దాని వెనక గూటిలో డేగరాజు గొప్పలు ఒక్కొక్కటే ఆగి ఆగి ఫోనులోకి దిగుతున్నాయి.

పన్నెండో గొప్ప దగ్గర తీతువు గట్టు మీద వాలి 'నక్క' అని నొక్కింది. ప్రోగ్రాం తన పని తాను చేయబోయింది. పారబోద్దామంటే తొట్టి లేదు. రెండో పేజీకి మళ్ళిద్దామంటే మొదటిది అప్పటికే దారిలో పడింది. సింగన్న తెర మీద ఒక్కటే మాట వచ్చింది. 'పంపడం మొదలైంది, ఇక మళ్ళించడం కుదరదు.' అంతటితో ప్రోగ్రాం ఆగిపోయింది.

సింగన్న ఒక్క ఉదుటున లేచాడు. మెడ పలుపు తెంచుకుని బయటపడి, చేను దద్దరిల్లేలా రంకె వేశాడు. ఆ రంకెకు కర్రోడు లేచి ఉరికాడు.

పుట్ట దగ్గర గుంటయ్య అప్పటికే ఎగిరాడు. చుక్కమ్మ ఒక్క అరుపుతో పిల్లలను ముళ్ళకంపలోకి తోలి తను అడ్డంగా నిలబడింది. కర్రోడి మొరుగు దగ్గరయ్యేసరికి గుంటయ్య నోట్లో చుక్కమ్మ తోక ఈకలు నాలుగు మిగిలాయి. వాటితోనే పరిగెత్తాడు.

దొడ్లోకి వచ్చాక చుక్కమ్మ పిల్లలను లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు కూర్చుంది.

సింగన్న దాని ముందుకొచ్చి తల దించాడు. "తప్పు నాదే చుక్కమ్మా. పుంజుగారు చెప్పారని చేశాను. చేయకుండా ఉండాల్సింది. ఇప్పుడే బఫర్ పెట్టేస్తాను."

"ఆగు బావా," అంది చుక్కమ్మ. "ఇవాళ పెడితే రేపు ఇంకో ఎత్తు వేస్తాడు. ఈ పేజీ వాడూ చూస్తాడుగా?"

"చూస్తాడు."

"ఎంతవరకు చూస్తాడు?"

సింగన్న ఆలోచించాడు. "మొదటి లైను వరకే అయ్యుంటుంది. దాని కింద పుంజుగారి సందేశం ఉంది కదా. అంతదూరం ఏ ప్రాణీ ఓపిక పట్టదు."

మూల నిలబడిన డేగరాజుకు ఇది వినబడింది. అంతకుముందే సిగ్గుతో కుంచించుకుపోయి ఉన్నవాడు ఇంకాస్త ముడుచుకున్నాడు.

"అయితే ఒక్క రోజు బఫర్ లేకుండానే ఉంచు," అంది చుక్కమ్మ. "మొదటి లైను నేను చెబుతా. తీతువును రేపు ఒక్కపూట కబురు నొక్కొద్దని చెప్పు, ప్రోగ్రాం మధ్యలో ఆగిపోకూడదు."

"పేజీలో అబద్ధం మాత్రం రాయను చుక్కమ్మా. ఒక్కసారి అబద్ధం రాస్తే రేపు నిజం రాసినా ఎవరూ నమ్మరు."

"ఎవరు రాయమన్నారు? నేను బయలుదేరినట్టు రాయి. నేను నిజంగానే బయలుదేరతాను. పిల్లలు గంప కింద ఉన్నాయని రాయి, గంప కిందే ఉంచుతాను. కర్రోడు నా వెనకే చేలో నడుస్తున్నాడని రాయి. నడుస్తావుగా?"

కర్రోడు తోకతో నేల మీద రెండుసార్లు కొట్టాడు.

"అన్నీ రాయి బావా. ఏది ముందు, ఏది వెనక అన్నదే చూసుకో."

సింగన్న చాలాసేపు నెమరేశాడు. తర్వాత మెల్లగా ఆయన మూతి విచ్చుకుంది. డేగరాజు వైపు తిరిగి, "పుంజుగారూ, రేపటి సందేశం కొంచెం పెద్దదిగా ఉంటే బాగుంటుంది," అన్నాడు.

డేగరాజు తురాయి లేచింది. "ఎంత పెద్దదిగా?"

"మీ ఇష్టం. లైనుకీ లైనుకీ మధ్య ఆగడం మాత్రం ఉంచుతాను."

ఆయన అరవై లైన్లు చెప్పాడు. తన ముత్తాత కూతతో ఒకసారి సూర్యుడు గంట ముందే లేచాడన్న సంగతి కూడా అందులో ఉంది. అది తప్ప మిగతాదంతా నిజమేనని ఒట్టేశాడు. దాన్ని తీసేస్తేనే వేస్తానని సింగన్న అంటే, మూతి ముడుచుకుని తీసేశాడు. సందేశానికి పైన ఒక లైను, కింద ఒక లైను కొట్టడానికి సింగన్నకు మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా పట్టింది.

అటు గుంటయ్య కూడా ఆలోచించాడు. పుట్ట దగ్గరే కూర్చుంటే తీతువు కంట్లో పడుతున్నాను. ఆ రంకె, ఆ కుక్క దాని వల్లనే. ఈసారి దారి పక్కనున్న కాలవ తూములో దాక్కుంటాను. పేజీలో మొదటి లైను పడిందంటే ఒకటే పరుగు. లైన్లు వెంటవెంటనే పంపేలా చేయించింది నేనే కదా, ఆ సుఖం నేను కాకపోతే ఎవరు అనుభవిస్తారు? అనుకుని తన తెలివికి తనే మురిసిపోయాడు.

పొద్దున్నే తూములో ఫోను వెలిగింది.

'చుక్కమ్మ వాగు దారిన బయలుదేరింది.'

దారి ఖాళీ అన్న మామూలు మాట కూడా కాదు, పేరుతో సహా వచ్చింది. గుంటయ్యకు నోరూరింది. ఫోను నోట కరుచుకుని తూములోంచి దూకాడు. తెర మీద 'శ్రీ డేగరాజు గారి శుభోదయ సందేశం' అని పడింది. కొంచెం ఆగి, 'నేను లేవనిదే గూడు లేవదు' అని పడింది. వాడు చూడనేలేదు.

పుట్ట దగ్గర చుక్కమ్మ ఒక్కతే మట్టి గీకుతోంది. తోక బోసిగా ఉంది. గుంటయ్య ఫోను కింద పెట్టి పెదవులు నాక్కున్నాడు.

"పిల్లలేరి వదినా?"

"పేజీలో రాశారే, చూడలేదా?"

"పేజీ చూసే వచ్చాను."

"అంతా చూశావా?"

ఆ అడగడంలో భయం లేదని గుంటయ్యకు అప్పుడు తోచింది. కిందికి చూశాడు. 'నా తురాయి ఎరుపు గురించి నాలుగు మాటలు' అని ఉంది. తర్వాతి లైను కోసం చూశాడు. డేగరాజు షరతు ప్రకారం ఫోను కాస్త ఆగింది. వెనక మొక్కజొన్న ఆకులు కదిలాయి.

కర్రోడు వచ్చి పడ్డాడు. గుంటయ్య వాగు దాటేదాకా ఆగలేదు. తోకలో సగం మాత్రం ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది. పుట్ట పక్కన పడి ఉన్న ఫోనులో డేగరాజు గొప్పలు ఒక్కొక్కటే దిగి, చిట్టచివరికి ఆఖరి లైను వచ్చింది. 'పిల్లలు గంప కింద ఉన్నాయి. చుక్కమ్మ వెనకే చేలో కర్రోడు వస్తున్నాడు.' చదివేవాడు అప్పటికి అక్కడ లేడు.

అవతలి ఒడ్డున కూర్చుని గాయం నాక్కుంటూ గుంటయ్య కేక పెట్టాడు. "సింగన్నా, అందరూ చూసే పేజీలో మోసం చేస్తావా?"

సింగన్న గట్టు మీదికి తాపీగా వచ్చాడు. "ఏ మాట అబద్ధమో చెప్పు, దిద్దుకుంటాను."

"కుక్క సంగతి అడుగున రాశావు."

"రాశాను. లైను తయారైంది తయారైనట్టు పంపమని పుంజుగారికి నేర్పింది నువ్వే. ముందు తయారైంది ముందు వచ్చింది, వెనక తయారైంది వెనక వచ్చింది. నువ్వే ఆగలేదు."

గుంటయ్య మిగిలిన సగం తోక కాళ్ళ మధ్య పెట్టుకుని అడవి దారి పట్టాడు. మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

ఆ పూటే సింగన్న బఫర్ మళ్ళీ పెట్టాడు. ఆ పైన నాలుగు రోజులు కూర్చుని, తీతువు కబురు వచ్చాకే దారి సంగతి రాసేలా ప్రోగ్రామంతా తిరగరాశాడు. డేగరాజు ఈసారి అడ్డు చెప్పలేదు. తన సందేశాన్ని నాలుగు లైన్లకు కుదించి పేజీ అడుగున వేయించుకున్నాడు. అయితే తన అరవై లైన్ల వల్లనే నక్క ఓడిపోయిందని ఆ నాలుగు లైన్లలోనూ రోజూ రాయిస్తున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి సింగన్న కూడా ఊరుకున్నాడు.

ఇప్పుడు పొద్దున్నే గూటిలో ఫోను కాసేపు తెల్లగానే ఉంటుంది. కోళ్ళు కాళ్ళు మార్చుకుంటూ చూస్తాయి. చుక్కమ్మ తొమ్మిది పిల్లలను రెక్కల కింద పెట్టుకుని, తొందరేం లేదంటూ, పేజీ మొత్తం వచ్చేదాకా కూర్చుంటుంది.

మాట పంపేవాడు చివరిదాకా తేల్చుకుని పంపాలి, అందుకునేవాడు చివరిదాకా చదివి కదలాలి.