ఉప్పెక్కిన స్ట్రాబెర్రీ మడి

చెప్పిన మాట చెప్పినట్టు చేసే ఇల్లు ఆ కొండ మొత్తానికి తమదొక్కటేనని అప్పలనర్సమ్మ నమ్మకం. మొగుడు సన్యాసినాయుడు, మరిది గవిరినాయుడు కూడా అదే అనేవారు. మిగతావాళ్ళు ఆలోచించి పాడుచేసుకుంటారని ముగ్గురూ జాలిపడేవారు.

ఆ ఏడు స్ట్రాబెర్రీ వేశారు. “మొక్కకి గుప్పెడు ఎరువెయ్యండి, ఎర్రగా అవుతుంది” అన్నాడు ఎరువుల కొట్టాయన. ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. అంతే, రోజూ గుప్పెడేశారు. పది రోజులకి ఆకుల అంచులు ఎర్రగా మాడాయి.

“మాట నిలబెట్టుకున్నాడు” అన్నాడు సన్యాసినాయుడు.

కాయలు మాత్రం రాలేదు. ఆ మడి తప్ప వేరే ఆధారం లేదు. అప్పలనర్సమ్మకి దిగులు పట్టుకుంది. వ్యవసాయాఫీసు మేడం వచ్చి చూసింది.

“ఎరువు ఎక్కువై మట్టిలో ఉప్పు పేరుకుందమ్మా. వేళ్ళు నీళ్ళు తాగలేకపోతున్నాయి. మట్టి పరీక్ష చేయించి కార్డు పంపుతాను” అని గుప్పెడు మట్టి పట్టుకెళ్ళింది.

పులుసులో ఉప్పెక్కువైతే అన్నం ముద్ద వేస్తాం కదా అనుకుంది అప్పలనర్సమ్మ. ఇంకేముంది, గంగాళం నిండా వండి మొక్కకో ముద్ద పెట్టింది. తెల్లారేసరికి అడవిపందులు వచ్చి ముద్దలతో పాటు సగం మడి తవ్వేశాయి.

గవిరినాయుడు చూసి, “ఉప్పు సరిపోయినట్టుంది వదినా, మెతుకు మిగల్లేదు” అన్నాడు.

ఇక వేళ్ళ సంగతి. మట్టిలో ఉండి తాగలేకపోతుంటే బయటికి తీసి తాగిస్తే సరి. అంతే, మిగిలిన మొక్కలన్నీ పీకి గ్లాసుల్లో, చెంబుల్లో, చివరికి పప్పు గిన్నెలో కూడా నిలబెట్టారు. సాయంత్రానికి మొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

“కడుపునిండా తాగి పడుకున్నాయి” అంది అప్పలనర్సమ్మ. కొంచెం కుదుటపడింది.

మళ్ళీ నాటితే నాలుగు వరుసలు బతికాయి. అప్పుడు కార్డొచ్చింది. మేడం ఫోన్ చేసి గట్టిగా చెప్పింది. “కార్డులో ఏముందో అదే పొలంలో వెయ్యండి. సొంత తెలివి వాడకండి.”

గవిరినాయుడు పైనుంచి చదివాడు. “రైతు పేరు, సన్యాసినాయుడు.”

సన్యాసినాయుడు చొక్కా విప్పి భార్య చేతికిచ్చాడు. మడి మధ్యలో గొయ్యి తవ్వి, ఆయన్ని మోకాళ్ళదాకా దింపి, మట్టి తొక్కి, రెండు బిందెలు నీళ్ళు పోశారు. అప్పలనర్సమ్మకి మనసు చివుక్కుమంది గానీ, పొలం కోసం కదా అని ఊరుకుంది.

మర్నాడు మేడం వచ్చింది. సన్యాసినాయుడు ఉన్నచోటు నుంచే నమస్కారం పెట్టాడు.

“ఈయన ఇక్కడేం చేస్తున్నారు?” అంది మేడం.

“మీరు చెప్పినట్టే మొదటి వరుస వేసేశామమ్మా” అంది అప్పలనర్సమ్మ, కార్డు చూపిస్తూ. “రెండో వరుసలో తండ్రి పేరుంది. మా మావగారు పోయి పదేళ్ళయింది. అదొక్కటీ తక్కువైతే కాపు తగ్గుతుందా?”