చుక్క చెవికి మూడు కుట్లు

అనగనగా, అడవిలో వెదురు పూసిన ఏడు, కొండమీద పచ్చికా కొండకింద పల్లెలూ ఉన్న ఒక చిన్న రాజ్యంలో వెంగమ్మ అనే మేదరి ఆవిడ ఉండేది. గంపలు, చాటలు, తట్టలు అల్లి బతికేది. వెదురు పూసిందంటే చచ్చిందన్నమాటే. ఆ ఏడు అడవంతా పూసింది, అడవంతా ఎండింది. ఇక అల్లడానికి బెత్తెడు వెదురు దొరకలేదు.

వెంగమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. ఇంట్లో మిగిలిన గంపలన్నీ సంతకు మోసుకెళ్ళి, వాటికి బదులు ఏడు గొర్రెలను తోలుకొచ్చింది. వాటిలో నుదుట తెల్లమచ్చ ఉన్నదానికి చుక్క అని పేరు పెట్టింది. చుక్క కదిలితే తక్కిన ఆరూ కదిలేవి. చుక్క ఆగితే ఆరూ ఆగేవి. మంద తోలడం రాని వెంగమ్మకు అదే దిక్కు.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. అంతకు కొన్నేళ్ళ ముందు గాలికుంటు తెగులు వచ్చి మందలకు మందలు పోయాయి. ఏ మంద నుంచి ఏ మందకు పాకిందో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకని రాజుగారు చాటింపు వేయించారు. ప్రతి గొర్రె చెవికీ అంకె చెక్కిన రాగిబిళ్ల ఉండాలి. ప్రతి బిళ్లా మందల కరణం పుస్తకంలో ఎక్కాలి. గొర్రె పుట్టినా, పోయినా, కరణానికి చెప్పి రాయించాలి. లెక్క సరిపోని మందను ఎండాకాలంలో కొండ ఎక్కనివ్వరు. ఎండాకాలం కొండకింద రాళ్ళు తప్ప ఏమీ ఉండవు. కొండ ఎక్కని మంద ఏం తిని బతుకుతుందో మీరే చెప్పండి.

వెంగమ్మ ఏడు గొర్రెలకు ఏడు, పుట్టబోయే పిల్లకు ఒకటి, మొత్తం ఎనిమిది బిళ్లలు తెచ్చుకుంది. వాటిని ఎలా గుచ్చాలో తెలియక, నాలుగు వందల గొర్రెల ఆసామి గురవప్ప దగ్గరికి వెళ్ళింది.

గురవప్ప మీసం దువ్వాడు. "ఏమ్మే వెంగమ్మా, గొర్రెలంటే గంపలనుకుంటివా? మా తాత ముత్తాతలు బిళ్లలు చూసి గొర్రెల్ని కాసినారా? ముఖం చూస్తే చాలు, ఏది ఏ తల్లి పిల్లో చెప్తా నేను. మందను ఎంచితే దిష్టి తగుల్తుంది, అదన్నా తెలుసునా నీకు?"

తెలియదు. వెంగమ్మకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి, ఆ మాట ఆమే ఒప్పుకుంది. గురవప్ప నవ్వాడే తప్ప నేర్పలేదు. ఆయన గొర్రెలకు జీతగాళ్ళు బిళ్లలు గుచ్చారు. ఆయన కరణం దగ్గరికి పోయి, "నాలుగు వందలు, అన్నీ బాగున్నాయి" అని ఒక్క వరుస రాయించి వచ్చాడు.

వెంగమ్మ తన చేతులను నమ్ముకుని పనిలోకి దిగింది.

మొదట చుక్కకు గుచ్చింది. నొప్పి తక్కువని చెవి అంచున గుచ్చింది. నాలుగో రోజు ఆ బిళ్ల కంచె ముల్లుకు తగులుకుంది. చుక్క బెదిరి లాగింది. చెవి చిరిగింది, బిళ్ల ఎటో ఎగిరిపోయింది. కారే నెత్తురు చూసి వెంగమ్మ ప్రాణం గిలగిల్లాడింది. పసుపు అద్ది, తనకు వచ్చిన విద్యతోనే, గంప అంచు కట్టినట్టు మూడు కుట్లు వేసింది. తర్వాత రెండు కోసులు నడిచి కరణం సూరప్ప దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"గొర్రె పోలేదు కదమ్మా, ఇంకేం రాయాలి?" అన్నాడు కరణం.

"తప్పు చేసినాను సామీ. అది రాయండి."

కరణం విడ్డూరంగా చూసి రాశాడు. "అదే అంకెతో కొత్త బిళ్ల చెక్కించి తెప్పించాలి. వేసవి దాటుతుందేమో. అంతవరకు ఈ రాతే నీ చుక్కకు బిళ్ల" అన్నాడు.

రెండోసారి నాలుగో అంకె బిళ్ల ఐదో గొర్రెకు, ఐదోది నాలుగోదానికి పడ్డాయి. మళ్ళీ రెండు కోసులు నడిచింది. కరణం మళ్ళీ రాశాడు.

మూడో తప్పు మందలోని నల్లగొర్రె ఈనినప్పుడు జరిగింది. పుట్టింది ఒకటే పిల్ల. వెంగమ్మ సంబరం కొద్దీ ఆ పూటే దాని చెవికి వేపనూనె రాసి బిళ్ల గుచ్చింది. ఈసారి చెవి మధ్యలో, రెండు నరాలకు నడుమ, ముచ్చటగా కుదిరింది. ఏం లాభం? గొర్రె తన పిల్లను వాసనతో పోల్చుకుంటుంది. వేపనూనె వాసనకు తల్లి పిల్లను కుమ్మి అవతల పడేసింది. వెంగమ్మ ఆ చెవి కడిగి, తల్లి పాలు పిండి పిల్ల ఒంటికి పూసి, పొద్దు వాలేదాకా బతిమాలితే అప్పటికి దగ్గరికి రానిచ్చింది. తెల్లారి మళ్ళీ కరణం దగ్గరికి.

"పుస్తకంలో గొప్పలు రాయించుకునేవాళ్ళను చూశాను గానీ, తప్పులు రాయించుకునేదాన్ని నిన్నే చూస్తున్నాను తల్లీ" అన్నాడు సూరప్ప.

ఊరు నవ్వింది. గురవప్ప అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఏడు గొర్రెల దానికి పుస్తకంలో పేజీన్నర, నాలుగు వందల ఆసామికి ఒక్క వరుస! వెంగమ్మకు సిగ్గేసింది. అయినా చెప్పడం మానలేదు.

ఎండాకాలం వచ్చింది. కొండ ఎక్కే రోజు కనుమ దగ్గర మందలన్నీ చేరాయి. రాజుగారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. పక్కన కరణం, ఒళ్ళో పుస్తకం. కావలివాళ్ళు గొర్రెలను ఎంచి ఒక్కొక్కదాన్నే పంపుతున్నారు.

గురవప్ప మంద దాటింది. మూడు వందల తొంభై తొమ్మిది!

"ఒకటి తక్కువ" అన్నాడు కావలివాడు. గురవప్ప మొహంలో రంగు పోయింది. లెక్క తప్పితే నాలుగు వందల మందా రాళ్ళ మధ్యే ఉండాలి. ఆయన చుట్టూ చూశాడు. వెనక వరుసలో బిళ్ల లేని గొర్రె కనిపించింది. చెవి చిరిగి ఉంది.

"అదిగో నా గొర్రె! చెవి చిరిగి బిళ్ల పోయింది దేవరా. దారిలో ఈమె గొర్రెల్లో కలిసింది" అన్నాడు.

అది చుక్క. చుక్క చూడితో ఉంది. అది లేకపోతే తక్కినవి కొండ వైపు ఒక్క అడుగు వేయవు. "అది నాది దేవరా!" అంటూ వెంగమ్మ దాని మెడ వాటేసుకుంది.

కాపరులంతా గురవప్ప వైపే మాట్లాడారు. నలభై ఏళ్ళుగా ముఖం చూసి గొర్రెను చెప్పేవాడు ఆయన. గంపలల్లే మనిషికి గొర్రెల సంగతి ఏం తెలుసు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని గురవప్ప కూడా వదల్లేదు. ఆమెది ఎక్కడో పోయి ఉంటుంది, లెక్కకు నాదాన్ని చూపిస్తోంది అన్నాడు.

రాజుగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. "కరణం, పుస్తకం అప్పుడే తెరవకు. గురవప్పా, ఆ చెవి ఎట్లా చిరిగింది?"

"కుక్క కరిచింది దేవరా."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

"తర్వాత ఏం చేశావు?"

"చేసేదేముంది దేవరా? గొర్రె చెవి అదే మానుతుంది."

రాజుగారు వెంగమ్మ వైపు తిరిగారు. ఆమె తల వంచుకుంది. "నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది దేవరా. కరణంగారి పుస్తకంలో ఉంది, ఆయన్నే చదవమనండి."

సూరప్ప పుస్తకం తెరిచి గట్టిగా చదివాడు. "ఒకటో అంకె. చుక్క. మాఘమాసంలో కంచె ముల్లు తగిలి ఎడమ చెవి చిరిగింది. వేలెడు చిరుగు. బిళ్ల పోయింది. గంప అంచు కట్టినట్టు మూడు కుట్లు వేసినది. తప్పు గొర్రెది కాదు, కంచెది కాదు. బిళ్ల అంచున గుచ్చిన వెంగమ్మ చేతిది."

రాజుగారు లేచి వచ్చి చుక్క ముందు కూర్చున్నారు. చెవిమీది బొచ్చు వేలితో పక్కకు తీశారు. పాత మచ్చ, దాని మీద ఏటవాలుగా కుట్టు గుర్తులు. ఒకటి, రెండు, మూడు.

గురవప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాది నెల కిందట లోయలో పడి చచ్చింది దేవరా. గురవప్ప మందలో గొర్రె పోయిందంటే ఊరు నవ్వుతుందని రాయించలేదు. ఆ చిన్న సిగ్గుకు జడిసి ఇంత పెద్ద సిగ్గు తెచ్చుకున్నాను."

ఆ మాట నిజమే గనుక రాజుగారి కోపం తగ్గింది. "తీర్పు చెబుతున్నాను. చుక్క వెంగమ్మది. ఆమె మంద ముందు ఎక్కుతుంది. నీ మంద ఇక్కడే ఆగుతుంది. ప్రతి గొర్రెనూ ఎంచి, ఉన్నది ఉన్నట్టు, పోయింది పోయినట్టు రాయించు. వచ్చే ఈతలో పిల్లలకు బిళ్లలు గుచ్చడం ఎట్లాగో ఈమెను అడిగి నేర్చుకో."

చుక్క కదిలింది. ఆరూ కదిలాయి. పిల్ల గెంతుతూ వెంట పోయింది. వారం రోజులకు లెక్క ముగించుకుని గురవప్ప మంద కూడా కొండ ఎక్కింది.

వానలు పడి మందలు దిగాక, ఒకనాటి పొద్దున గురవప్ప ఈనిన గొర్రెను, దాని పిల్లను వెంటబెట్టుకుని వెంగమ్మ గుమ్మంలోకి వచ్చాడు. నలభై ఏళ్ళలో ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు.

"అమ్మా వెంగమ్మా, బిళ్ల ఎక్కడ గుచ్చమంటావు?"

వెంగమ్మ నవ్వలేదు. పిల్ల చెవిని వెలుతురుకు పట్టి నరాలు చూపించింది. "ఈ రెండిటి నడుమ అన్నా. కానీ ఈరోజు వద్దు. ముందు తల్లిని వాసన పట్టనీ. ఈలోపల నాకు ముఖాలు చూసి గొర్రెల్ని పోల్చుకోవడం నేర్పు."

దాచిన తప్పు దాచినవాణ్ణే పట్టిస్తుంది, చెప్పుకున్న తప్పు చెప్పుకున్నవాళ్ళ పక్షాన సాక్ష్యం చెబుతుంది.