ఒక్కసారే చూసిన మంత్రి

కొండల నడుమ ఒక పెద్ద చెరువు. దాని కట్ట కింద ఒక పట్నం. కట్ట తెగితే పట్నం ఉండదు.

అందుకని రాజు తూము దగ్గర ఒక ముసలమ్మను కాపలా పెట్టాడు. "రాతి మీద గీత ఉంది, చూడు. నీరు గీత దాటలేదా, మళ్లీ చూడు. దాటిందా, తూము తలుపు ఎత్తు" అన్నాడు.

రాజు ఏ మాట చెప్పినా దాన్ని కుదించి పనివాళ్లకు అందించడం మంత్రి ఉద్యోగం. పది మాటల్ని ఆరు చేయగలడు. మిగిల్చిన మాటల్ని ఏం చేసుకునేవాడో ఎవరికీ తెలియదు.

మంత్రి కట్ట మీదికి వచ్చేసరికి ముసలమ్మ గీత చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి పోయి చూస్తోంది. మంత్రి కూడా ఒకసారి చూశాడు. నీరు గీతకు దిగువనే ఉంది.

"ఇప్పుడేగా చూశావు?"

"చూశాను బాబయ్యా. చూసింది గుర్తుండి చావదు. అందుకే మళ్లీ చూస్తాను."

"నీరు పెరగాలంటే ఎవరో ఒకరు పోయాలి. నేను పోయలేదు. నువ్వు పోశావా?"

"నేనెందుకు పోస్తాను!"

"మరి ఎలా పెరుగుతుంది?"

ముసలమ్మ కొండల వైపు చూసింది. అక్కడ మబ్బు కమ్ముకొస్తోంది. మంత్రి అటు చూడలేదు. కొండలు ఆయన కచేరీ కిందికి రావు.

"రాజాజ్ఞ ఇది. ఒకసారి చూడు. దాటలేదా, కూర్చో."

"ఎందాకా?"

"దాటేదాకా."

"చూడకుండా దాటిందని ఎట్లా తెలుస్తుంది బాబయ్యా?"

"తిరగడానికా నీకు జీతం?" అని మంత్రి వెళ్లిపోయాడు.

ముసలమ్మ కూర్చుంది. కొండల మీద వాన దంచి కొట్టింది. కాసేపటికి తనను ఎందుకు కూర్చోమన్నారో మరిచిపోయి, లేచి చూడబోయింది. గీత నీటి కింద ఉంది. ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి తూము తలుపు ఎత్తింది. నీరు కాలువల్లోకి ఉరికింది. కట్ట నిలిచింది. గీత పైకి తేలి నీరు బాగా దిగాక తలుపు దించింది.

మర్నాడు రాజు, మంత్రి వచ్చారు. నీరు గీతకు దిగువన, నిన్నటి చోటే ఉంది.

"నేను చూసింది చూసినట్టే ఉంది ప్రభూ. ఈ మతిమరుపు మనిషి ఊరికే నీళ్లు పారబోసింది" అన్నాడు మంత్రి.

"పారబోస్తే తగ్గాలి కదా?" అన్నాడు రాజు.

మంత్రి ఆ ప్రశ్నను కుదించాడు. ఏమీ మిగల్లేదు.

అయినా కాపలాకు మతిమరుపు పనికిరాదని ముసలమ్మను తీసేయించి, జ్ఞాపకశక్తికి పేరుపడ్డవాణ్ణి పెట్టించాడు. అతను గీతను ఒకసారి చూసి, నీటికి వీపు తిప్పి కూర్చున్నాడు.

ముసలమ్మ మూట సర్దుకుని, "నాయనా, నీళ్లు చూశావా?" అంది.

"చూశాను."

రెండడుగులు వేసి మళ్లీ అడిగింది.

"చెప్పాను కదా అవ్వా!" అని అతను విసుక్కున్నాడు.

అతని వీపు వెనక గీత తడిసింది.