రాజుగారి చేపల ముక్కెరలు

అనగనగా, మన తాతల తాతలకు పాలపళ్లు కూడా రాని రోజుల్లో, కలువలదిన్నె అనే రాజ్యం ఉండేది. దానికి రత్నకేతుడు రాజు. ఆయన కత్తి పట్టినా పట్టకపోయినా, పొద్దు వాలేసరికి గాలం మాత్రం తప్పకుండా పట్టేవాడు.

కోట వెనక ఉద్యానవనం, అందులో రాతిమెట్ల కొలను, కొలను నిండా కలువలు. రాజుగారు మెట్ల మీద పరుపు వేయించుకుని కూర్చుని వెండిగాలం విసిరేవాడు. చేప చిక్కగానే దాన్ని పట్టుగుడ్డలో పట్టుకుని, ఒక పేరు పెట్టి, పక్కనే కూర్చున్న కంసాలి చేత బంగారు ముక్కెర పెట్టించేవాడు. చేపకు ముక్కెక్కడిదని అడగకండి. పై పెదవికే కుట్టించేవాడు. ఆ పైన ముద్దు పెట్టుకుని మళ్లీ నీళ్లలోకి వదిలేసేవాడు.

"నేను జాలరిని కాను. ఇన్నేళ్లలో ఒక్క చేపనైనా చంపానా? నగలు పెట్టి పంపిస్తున్నాను. ఏ రాజ్యంలో చేపలకు ఇంత వైభోగం ఉంది?" అనేవాడు రాజు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? అందుకని సభలో అందరూ అవునవుననేవారు.

కొలను గట్టున రాజుగారి ముద్దుబిడ్డ ఇంకొకటి ఉండేది. అది నీటికుక్క. ఏట్లో ఈదుతూ చేపలు తిని బతికే జంతువు. రాజు దాన్ని పిల్లగా ఉన్నప్పుడే తెప్పించి, మాణిక్యమని పేరు పెట్టి, మెడకు వెండి గొలుసు వేసి, పూటపూటా పాలన్నం పెట్టించేవాడు. "మాణిక్యానికి నేనంటే ప్రాణం. నన్ను విడిచి అడుగు కదలదు" అని వచ్చినవారందరికీ చెప్పుకునేవాడు. మెడకు గొలుసు ఉండగా అదెలా కదులుతుందని ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా, ఒక వేసవిలో ముక్కెర చేపలు గాలానికి చిక్కడం మానేశాయి. రాజు ఒక రోజు చూశాడు, వారం చూశాడు, నెల చూశాడు. ఆయనకు అనుమానం పుట్టింది. అనుమానం పుట్టడమే ఆలస్యం, పెరగడానికి ఎంతసేపు?

"బంగారానికి ఆశపడి ఎవడో నా చేపల్ని దొంగిలిస్తున్నాడు" అని తలారిని పిలిపించాడు.

తలారి పేరు గవరయ్య. ఆయన ఒట్టి అనుమానాల పుట్ట. అన్నంలో రాయి తగిలితే, రాయి ఎలా వచ్చిందని కాదు, దాన్ని ఎవరు పంపించారని భార్యను అడిగే మనిషి. దారిలో ఎవరైనా నమస్కారం పెడితే, నిన్న పెట్టనివాడు ఇవాళ ఎందుకు పెట్టాడని ఇంటికి చేరేదాకా ఆలోచించేవాడు.

గవరయ్య కొలను చుట్టూ ఒక్కసారి తిరిగాడు. గోడ అవతల బెస్త పోలయ్య గుడిసె, గుడిసె మీద ఆరేసిన వల కనిపించాయి. ఆయనకు అంతకన్నా ఏం కావాలి?

"దొంగ పోలయ్యే, మహాప్రభూ! చేపలు పట్టేవాడు చేపల పక్కనే కాపురం పెట్టాడు. ఊరికే పెడతాడా?" అన్నాడు.

గుడిసె సోదా చేస్తే ఒక్క ముక్కెరా దొరకలేదు. "చూశావా, ఎంత బాగా దాచాడో!" అన్నాడు రాజు. "మూడు రోజులు గడువు. మూడోనాటి పొద్దు వాలేలోగా నగలు బయటపెట్టకపోతే వాడి కుడిచెయ్యి నరికెయ్. దొంగను పట్టింది నువ్వు కనక కత్తి కూడా నువ్వే పట్టు."

ఇన్నాళ్లూ అనుమానపడటం గవరయ్య వంతు, శిక్ష వేయడం ఇంకొకరి వంతు. ఇప్పుడు కత్తి తన చేతికే వచ్చింది. మొట్టమొదటిసారి ఆయనకు తన అనుమానం మీదే అనుమానం వచ్చింది.

మొదటి రోజు ఆయన పోలయ్యను పెట్టిన చెరసాలకు వెళ్లాడు.

"ఒరే పోలయ్యా, నిజం చెప్పు. ముక్కెర చేపల్ని పట్టావా లేదా?"

"నానెందుకు పడతాను బాబూ? ఆ సేపల్ని ఎప్పుడైనా తిన్నగా సూశారా? ఎముకలగూళ్లు. అలాంటి సేపని ఏ బెస్తోడూ వలలో ఉంచడు, ఒదిలేస్తాడు."

"గోడ అవతల ఉండే నీకు, అవి బక్కచిక్కాయని ఎలా తెలుసు?" అని గవరయ్య కళ్లు చిన్నవి చేశాడు.

"గోడకి గండి ఉంది బాబూ. కనిపిస్తాయి. నోరు తెరుసుకుని పైకొస్తాయి. తనకి దండం పెట్టడానికి వస్తన్నాయని రాజుగోరు మురిసిపోతారు. అది దండం కాదు బాబూ, నోరు మూతపడక" అని పోలయ్య తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతివైపు చూడలేక గవరయ్య బయటికి వచ్చేశాడు. పోలయ్య మాట నిజమేనా, లేక చెయ్యి కాపాడుకోవడానికి అల్లిన కథా? ఆయనకు తేలలేదు.

రెండో రోజు కొలను గట్టుకు వెళ్లాడు. అక్కడ ఒక ముసలి కొంగ ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడి ఉంది.

"నీ కొంగజపం నా దగ్గర కాదు. రాజుగారి చేపల్ని మింగింది నువ్వే కదూ?" అన్నాడు గవరయ్య.

కొంగ ఒక కన్ను తెరిచింది. "అనుకున్నాను, నా దాకా వస్తావని. కొలనులో ఏం పోయినా కొంగ మీదే పడతారు. అయ్యా తలారీ, ఒకసారి ఆశపడి ఒక ముక్కెర చేపని నోట పెట్టుకున్నాను. ఆ నగ నా గొంతులో అడ్డం పడి మూడు రోజులు పస్తున్నాను. ఆనాటినుంచి వాటి జోలికి పోలేదు. బంగారం నీకూ నాకూ కూడా అరగదు."

"మరి చేపలేమయ్యాయి?"

"నాకేం తెలుసు? నేను పైనుంచి చూసేదాన్ని. కలువాకుల కింద ఏముందో కొలనుకే తెలియాలి" అని కొంగ మళ్లీ కన్ను మూసింది.

గవరయ్య ఆ మాటనూ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కొంగ అబద్ధం చెప్పిందా? చెప్పి ఉండవచ్చు. కాని ఆకుల కింద అన్న మాట మాత్రం ఆయనను వదల్లేదు. రెండో రోజు కూడా గడిచిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన మాణిక్యం దగ్గర కూలబడ్డాడు. నీటికుక్క పాలన్నం గిన్నెను ముట్టకుండా, ముక్కు నీళ్లవైపు పెట్టి పడుకుని ఉంది. గొలుసు రెండో మెట్టు దాకానే వస్తుంది. నీళ్లు మొదలయ్యేది నాలుగో మెట్టు దగ్గర.

"చేపలు తినే జంతువు చేపల పక్కనే ఉంది. నువ్వే తిన్నావా?" అన్నాడు గవరయ్య. అన్నాక తన మాట తనకే వినబడింది. పోలయ్యను పట్టించినప్పుడు కూడా సరిగ్గా ఇదే అన్నాడు. ఆయన మొహం చిన్నబోయింది.

"నా గొలుసు కొలుచుకో" అంది మాణిక్యం. "చేపలెక్కడున్నాయో నాకు తెలుసు. ఇక్కడినుంచే వాసన వస్తోంది. మీ ముక్కులకు సంపెంగల వాసన తప్ప ఇంకేం తెలియదు. గొలుసు విప్పు, తెచ్చి చూపిస్తాను."

"విప్పితే పారిపోవూ?"

"పారిపోతాను" అంది మాణిక్యం. "చూపించాకే పారిపోతాను."

గవరయ్య ఉలిక్కిపడ్డాడు. పారిపోను అని ఉంటే ఆయన చచ్చినా నమ్మేవాడు కాదు. పుట్టి బుద్ధెరిగాక ఒక మాటను అనుమానం లేకుండా వినడం ఆయనకు అదే మొదలు. లేచి రాజు దగ్గరికి పరుగెత్తాడు.

రాజు సభతో సహా కొలనుకు వచ్చాడు. పోలయ్యను చేతులు కట్టి తెచ్చారు. పొద్దు అప్పటికే పడమటి గోడ మీదికి దిగింది.

"మహాప్రభూ, మాణిక్యం గొలుసు విప్పించండి. చేపలెక్కడున్నాయో చూపిస్తుందట. కాని పారిపోతానని కూడా చెప్పింది" అన్నాడు గవరయ్య.

రాజు పకపకా నవ్వాడు. "మాణిక్యం పారిపోతుందా? నన్ను విడిచి? పిచ్చివాడా! విప్పండిరా."

గొలుసు విప్పారు. మాణిక్యం మెడ ఒక్కసారి విదిలించుకుని నీళ్లలోకి దూకింది. కలువలు కదిలాయి. కాసేపటికి అది నోట ఒక చచ్చిన చేపతో మెట్టెక్కి, దాన్ని రాజు కాళ్ల దగ్గర పెట్టింది. చేప పెదవికి ముక్కెర అలాగే ఉంది.

"ఇప్పుడే కొరికి చంపిందేమో!" అన్నాడు రాజు.

ఆ అనుమానం గవరయ్యకు ముందే వచ్చింది. ఆయన వంగి చేపను తిరగేసి చూశాడు. ఎక్కడా పంటిగాటు లేదు. కడుపు లోపలికి పీక్కుపోయింది. ముక్కెర కుట్టిన చోట పెదవి వాచి కుళ్లింది. ముక్కెరకు కలువ తీగ చుట్టుకుని ఉంది.

మాణిక్యం రెండోసారి మునిగింది. రెండో చేప వచ్చింది. దానిదీ అదే వాచిన పెదవి. మూడోసారి చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక అది తెచ్చిన చేపను చూసి రాజు పరుపు మీదనుంచి లేచి నిలబడ్డాడు. కెంపు పొదిగిన ముక్కెర అది. ఆయన మొట్టమొదట పట్టి, పేరు పెట్టి, ముద్దాడిన చేప.

"చంద్రమతీ!" అన్నాడు రాజు.

"మహాప్రభూ, నగల్ని ఎవరూ దొంగిలించలేదు. చేపలతో పాటు ఆకుల కిందే ఉన్నాయి" అన్నాడు గవరయ్య. "పెదవి వాచి మేత తినలేక కొన్ని, తీగలకు ముక్కెర చిక్కుకుని కొన్ని చచ్చాయి. దొంగ అని కొంగను అనుమానించాను, మాణిక్యాన్ని అనుమానించాను. ఏ పాపం ఎరగని పోలయ్యను కత్తి దాకా తెచ్చాను. తప్పు నాది. చేపలకు ముక్కెరలు పెట్టించే చేతిని మాత్రం అనుమానించలేకపోయాను."

మాణిక్యం మెట్లెక్కింది. గోడ గండి వైపు నడిచింది.

"మాణిక్యం, ఇటు రా!" అని పిలిచాడు రాజు. అది ఆగలేదు. "మాణిక్యం! నేనమ్మా!" అన్నాడు. అది వెనక్కి తిరిగి కూడా చూడలేదు. గండిలోంచి దూరి ఏటి దారి పట్టింది.

రాజు మొహం నల్లబడింది. మొదట కోపం వచ్చింది, ఆ తరువాత సిగ్గు వచ్చింది. అది ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక పోలయ్య మీదికి తిరిగాడు.

"నువ్వు రోజూ బుట్టల కొద్దీ చేపల్ని చంపుతావు. నేను ఒక్కదాన్నీ చంపాలనుకోలేదు. నేను పాపినీ, నువ్వు పుణ్యాత్ముడివీనా?"

"నాను పుణ్యాత్ముణ్ణని ఎవరన్నారు బాబూ?" అన్నాడు పోలయ్య. "సేపకి నొప్పని తెలిసే పడతాను. పిల్లల ఆకలికి పడతాను. అందుకే పట్టినదాన్ని ఎక్కువసేపు కొట్టుకోనివ్వను. తవరు ఆటకి పట్టి, దాన్నే ప్రేమనుకున్నారు. అందుకే నొప్పి కనపళ్లేదు. పిల్లికి సెలగాటం, ఎలక్కి ప్రానసంకటం."

రాజు కొలను వైపు చూశాడు. బతికి ఉన్న నాలుగైదు చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చాయి. ఎప్పటిలాగే వచ్చాయి. ఈసారి ఆయనకు అవి దండం పెడుతున్నట్టు కనిపించలేదు.

"వీటి ముక్కెరలు తీయగలవా?" అని మెల్లిగా అడిగాడు.

పోలయ్య కట్లు విప్పారు. ఆయన మెట్టు మీద కూర్చుని ముందు కుడిచేతిని నీళ్లలో ముంచి తడుపుకున్నాడు. రాజు పట్టుగుడ్డ అందించబోయాడు.

"వద్దు బాబూ. పొడిగుడ్డతో పడితే సేప ఒంటి జిగురు ఊడిపోద్ది. ఆ జిగురే దానికి సర్మం. తడిసెయ్యే మంచిది."

రాజు పట్టుగుడ్డను వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్లుగా ఎన్ని చేపల్ని దానితో పట్టాడో గుర్తొచ్చి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పొద్దు వాలింది. గడువు తీరింది. ఏ చేతిని నరకమన్నాడో ఆ చెయ్యే ఒక్కొక్క చేపను నీళ్లలోనే పట్టుకుని, ఒక్కొక్క ముక్కెరనూ నెమ్మదిగా తప్పించింది. రాజు కొలను తూము ఎత్తించాడు. చేపలు కాలువ వెంట ఏట్లోకి పోయాయి. వాటిలో ఎన్ని బతికాయో ఎవరికీ తెలియదు.

గవరయ్య ఇంటికి వెళ్లి, తన భార్య పెంచుకుంటున్న గోరింక పంజరం తలుపు తీశాడు. అది ఎగిరిపోయింది. మర్నాడు వచ్చి చూరు మీద వాలి, నూకలు తిని మళ్లీ ఎగిరిపోయింది. అలా ఇప్పటికీ వస్తూనే ఉందట. "మనమీద ప్రేమతోనే వస్తోందండీ" అంటుంది భార్య. అది ప్రేమకో, నూకలకో గవరయ్యకు మాత్రం అనుమానమే. అయినా తలుపు మళ్లీ వేయలేదు.

కథ కంచికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి ఒక్కమాట చెప్పింది: మన వినోదానికి ప్రేమ అని పేరు పెట్టినంతమాత్రాన మూగజీవుల బాధ తగ్గదు, మనది ప్రేమో కాదో తేల్చి చెప్పవలసింది మనం కాదు, అవి.